విదేశీ ఫెలోషిప్పులు: మన యువజనులతో కొన్ని మాటలు

(శతవార్షికోత్సవ యువజన సదస్సులో చేసిన ప్రసంగ పాఠము)



విదేశములలో చదువుకొనుటకు, లేక బోధించుటకు పోటీ మీద ఇచ్చే ఫెలోషిప్పులను గురించి మాట్లాడమని సదస్సు నిర్వాహకులు మమ్ములను కోరినారు. మాలో ఎవరమూ అటువంటి ఫెలోషిప్పు మీద విదేశము వెళ్ళినవారము కాము. ఇద్దరము రిటైరైన హైస్కూలు ఉపాధ్యాయులము, ఒకరు బ్యాంకులో పనిచేసి విరమించినవారు, ఒకరు కాలేజీ లెక్చరరు. 2011 నుండి ప్రతి శనివారము మధ్యాహ్నము గుడి వెనుక గదిలో ఒక పాత బల్ల చుట్టూ కూర్చుని, పిల్లలు తెచ్చిన అప్లికేషన్లు చదివి పెడుతున్నాము. వెళ్ళనివారు దారి చెప్పటమేమిటని మీకు అనిపించవచ్చును. కాని మేము చెప్పబోయేది చాలవరకు మేము చేసిన తప్పులను గురించే. ఆ విషయములో మాకు తగినంత అనుభవము ఉన్నది.

పరుల సహాయముతో పైచదువుకు వెళ్ళుట మన ప్రాంతమునకు కొత్త కాదు. 1895లో భీమవరములో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1922లో బోస్టన్ నగరము చేరినది కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి వారి హామీతోను, మామగారు సమకూర్చిన డబ్బుతోను. అక్కడ ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న పని చేసి పొట్ట పోసుకున్నారు. ఆ రోజులలో దాత ఎదుట నిలబడి అడిగేవారు. దాత కూడా మనిషి ముఖము చూసి, ఊరు కనుక్కొని, ఇవ్వాలో వద్దో నిర్ణయించుకొనేవాడు. ఇప్పుడు దాత కనబడడు. మన కాగితములు మాత్రమే అతని బల్ల మీదికి వెళ్తాయి.

మేము ఎక్కువగా చూసినవి ఫుల్‌బ్రైట్ అప్లికేషన్లు కనుక దానిని గురించే ముందు చెప్తాము. రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన తరువాత అమెరికా సైన్యమునకు చెందిన మిగులు సామగ్రి ఎన్నో దేశములలో పడి ఉన్నది. దానిని అమ్మగా వచ్చే సొమ్మును విద్యార్థుల, అధ్యాపకుల రాకపోకలకు వాడుదామని ఆర్కన్సా రాష్ట్రపు సెనేటరు విలియం ఫుల్‌బ్రైట్ ప్రతిపాదించినారు. 1946 ఆగస్టు 1న అధ్యక్షుడు ట్రూమన్ ఆ చట్టము మీద సంతకము చేసినారు. భారతదేశముతో ఒప్పందము 1950 ఫిబ్రవరి 2న జరిగినది. మన పక్షమున నెహ్రూ గారే సంతకము చేసినారు. 2008లో కొత్త ఒప్పందము కుదిరి మన ప్రభుత్వము కూడా సమాన భాగస్వామి అయినది. అందుకే ఇప్పుడు చాలా ఫెలోషిప్పులకు ఫుల్‌బ్రైట్-నెహ్రూ అని పేరు. ఢిల్లీలోని యునైటెడ్ స్టేట్స్-ఇండియా ఎడ్యుకేషనల్ ఫౌండేషన్ వీటిని నడుపుతుంది. యుద్ధపు పాత సామాను చదువుగా మారిన ఈ కథ అప్లికేషన్‌కు అవసరము లేదు. అయినా వచ్చిన ప్రతివారికీ చెప్పటము మాకు అలవాటైపోయినది.

ఇందులో మనవారు అంతగా గమనించని ద్వారము ఒకటి ఉన్నది. ఇంగ్లీషు బోధించే యువ ఉపాధ్యాయులు, 21 నుండి 29 సంవత్సరముల వయసువారు, అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయములో తొమ్మిది నెలలు ఉండి అక్కడి విద్యార్థులకు తమ మాతృభాషను నేర్పవచ్చును. వారమునకు 20 గంటలకు మించని పని, దానితోపాటు తాము కూడా కొన్ని కోర్సులు చదువుట. హిందీ, ఉర్దూ, బెంగాలీలతోపాటు తెలుగు కూడా ఈ పథకములో ఉంటూ వచ్చినది. ఏ సంవత్సరము ఏ భాషలు కావాలన్నది ఆ సంవత్సరపు ప్రకటనలో చూసుకోవలెను. "అ ఆలు నేర్పటానికి అమెరికా పంపిస్తారా మాస్టారూ?" అని ఒక పిల్లవాడు నవ్వినాడు. పంపిస్తారు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయములో వెల్చేరు నారాయణరావు గారు దశాబ్దముల పాటు తెలుగు బోధించినారు. మన భాషకు అక్కడ పీట వేసినవారు ఉన్నారు. ఈ పథకములో రానుపోను విమానపు ఖర్చు, నెలనెలా భత్యము, ఆరోగ్య బీమా ఇస్తారు. డిగ్రీ మాత్రము రాదు. గడువు కాగానే ఇంటికి తిరిగి రావలెను.

ఈ చివరి మాట దగ్గరే మన ఇండ్లలో చర్చ మొదలౌతుంది. ఒక తల్లి మా గదికి వచ్చి, "మళ్ళీ వచ్చెయ్యాలా అండీ? అయితే ఈ తిప్పలన్నీ దేనికి? మా ఆడపడుచు కొడుకు అప్పు చేసి వెళ్ళాడు, అక్కడే ఉండిపోయాడు, ఇల్లు కూడా కట్టించాడు" అన్నది. ఆమెను తప్పు పట్టలేము. ఊరిలో ఆమె కంటికి కనిపించే అమెరికా అదే. కాని నిబంధన సంగతి మీకు స్పష్టముగా తెలియవలెను. ఫుల్‌బ్రైట్ మీద వెళ్ళేవారికి జె-1 వీసా ఇస్తారు. తిరిగి వచ్చి మొత్తము రెండు సంవత్సరములు స్వదేశములో ఉంటేనే తప్ప వారికి హెచ్-1బి ఉద్యోగ వీసా గాని, గ్రీన్ కార్డు గాని ఇవ్వరు. మినహాయింపులు దొరకటము చాలా అరుదు. అక్కడ స్థిరపడదలచినవారు బ్యాంకు అప్పు తీసుకొని మామూలు స్టూడెంటు వీసా మీద వెళ్ళుట మంచిది. అందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. సిగ్గుపడవలసినది ఏమిటంటే, "నా దేశమునకు సేవ చేస్తాను" అని కాగితము మీద వ్రాసి, మరుసటి రోజే మినహాయింపు ఎట్లా తెచ్చుకోవచ్చునో కన్సల్టెన్సీ వారిని అడుగుట. మా దగ్గరకు అటువంటివారు ఇద్దరు వచ్చినారు. మేము ఆ కాగితములు చదవలేదు. కఠినముగా ప్రవర్తించినామని ఒక ఇంటివారు ఇప్పటికీ మాతో సరిగ్గా మాట్లాడరు.

ఇక మా తప్పు సంగతి. ఆ అమ్మాయి మన సంఘములోనే పెరిగినది. ఎం.ఏ. ఇంగ్లీషు, బి.ఇడి. చదివి, సముద్రపు ఒడ్డున ఉన్న ఒక ఊరిలో ప్రైవేటు హైస్కూలులో పని చేస్తున్నది. ఇందాక చెప్పిన భాషా బోధన ఫెలోషిప్పునకు తాను వ్రాసుకొన్నది ఒకటిన్నర పేజీ మా ముందు పెట్టినది. అందులో మొదటి వాక్యమే మమ్ములను భయపెట్టినది: మొదటి మూడు నెలలు తాను పాఠము చెప్పలేదనీ, అరిచాననీ వ్రాసినది. ఎనిమిదవ తరగతిలో నలభై మంది. భూతకాలము చెప్తుంటే ఒక్కరూ నోరు విప్పలేదట. మొద్దులు అనుకొన్నదట. ఒకనాడు విసిగిపోయి పుస్తకము మూసి, "పోనీ, నిన్న మీ ఇంట్లో ఏం జరిగిందో తెలుగులో చెప్పండి" అన్నదట. ఒక పిల్లవాడు లేచి, రాత్రి వాళ్ళ నాన్న వల చిరిగిన సంగతి, అమ్మా నాన్నా దీపము దగ్గర కూర్చుని తెల్లవారేదాకా దానిని అల్లిన సంగతి చెప్పినాడు. ఈమె అతడు చెప్పినదానిని చెప్పినట్లే బోర్డు మీద ఇంగ్లీషులో వ్రాసుకొంటూ పోయినది. వల చిరిగింది, అమ్మ అల్లింది, నేను నిద్రపోయాను. అన్నీ భూతకాలమే. తన మాట ఇంగ్లీషులో బోర్డు మీదికి ఎక్కటము చూసి రెండవవాడు లేచినాడు. ఆ వారమంతా తరగతి నోరు మూయలేదట.

మేము దానిని కొట్టివేసినాము. ఎర్ర సిరా పెన్ను మాలో ఒకరి చేతిలో ఉన్న మాట నిజమే గాని కొట్టివేసినది మేము నలుగురమూ. అరిచానని ఎవరైనా వ్రాసుకొంటారా అన్నాము. వల, దీపము వంటివి పెద్దవారికి పంపే కాగితములో బాగుండవన్నాము. వాటికి బదులు, తాను రెండు మహా ప్రజాస్వామ్యముల మధ్య వారధిగా నిలువదలచినదని వ్రాయించినాము. సంస్కృతి అన్న మాట ఒక్క పేజీలో ఏడుసార్లు వచ్చినది. ఆమె అంతా విని, "మీరు పెద్దవాళ్ళు, మీకు తెలుసు కదండీ" అని శుభ్రముగా టైపు చేసుకొని వెళ్ళినది.

అయినా ఇంటర్వ్యూకు పిలుపు వచ్చినది. ఆమె మార్కులు, అనుభవము చూసి పిలిచి ఉంటారు. మేము ఆమెను కూర్చోబెట్టి శిక్షణ కూడా ఇచ్చినాము: లోపము ఏదీ ఒప్పుకోవద్దు, అన్నీ బాగా జరిగినవని చెప్పు. తిరిగి వచ్చిన శనివారము ఆమె గదిలోకి వచ్చి బల్ల చివర కూర్చున్నది. చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, "మాస్టారూ, క్లాసులో మీకు కుదరని పాఠం ఒకటి చెప్పండి, అప్పుడేం చేశారో చెప్పండి అన్నారు. నాకు తెలిసిందే అడిగారండీ. మీరు చెప్పొద్దన్నదే అడిగారు" అన్నది. ఆమె ఏమి జవాబు చెప్పినదని అడిగినాము. "నాకు కుదరని పాఠం లేదన్నాను" అన్నది. కోపముగా అనలేదు. కోపముగా అని ఉంటే మాకు కొంత తేలికగా ఉండేది.

ఆమె ఎంపిక కాలేదు. ఆ వేసవిలో మేము పాత ఫైళ్ళు తీసి చూసినాము. ఆ ఒక్క సంవత్సరములోనే మా చేతి మీదుగా వెళ్ళిన కాగితములలో మూడింటిలో "వారధి" ఉన్నది. ముగ్గురు మనుషులు, ముగ్గురి ఊర్లు వేరు, చదువులు వేరు. చదివేవారికి మాత్రము ఒకే మనిషి మూడుసార్లు దరఖాస్తు పెట్టినట్లు ఉంటుంది. ఎంపిక చేసేవారు వందల కొద్దీ చదువుతారు. వారధులు వారికి ఎన్ని తగిలి ఉంటాయో! వల చిరిగిన తరగతి మాత్రము ఆ కట్టలో అదొక్కటే ఉండేది.

ఈ మధ్య పిల్లలు కంప్యూటరు చేత వ్రాయించి తెస్తున్నారు. చదువుతుంటే మాకు మా ఎర్ర పెన్నే గుర్తుకు వస్తున్నది. మేము వారము రోజులు కష్టపడి చేసిన పాడు పనిని అది ఒక నిమిషములో చేస్తున్నది. తప్పులు దిద్దుకొనుటకు వాడుకోండి, వద్దనము. కాని మీ తరగతిలో ఏమి జరిగినదో దానికి తెలియదు.

రికమెండేషన్ లెటర్ల సంగతి ఇంకొంచెము చెప్పవలెను. సాధారణముగా మూడు అడుగుతారు. మన దగ్గర జరిగేది ఏమిటి? "నువ్వే ఏదో ఒకటి టైపు చేసి తీసుకురామ్మా, సంతకం పెడతాను" అంటారు. మేము ఉద్యోగములో ఉన్నప్పుడు అట్లాగే అన్నాము, దాచటము ఎందుకు. ఆ అమ్మాయి మూడు లెటర్లలో రెండు మా గదిలోనే తయారైనవి. రెండింటిలోనూ కష్టపడే స్వభావము, సత్ప్రవర్తన, వినయము అన్న మూడు మాటలే ఉన్నవి. ఆ మాటలు మన ఊరిలో ఎవరి మీదనైనా వ్రాయవచ్చును. మంచి లెటరు వ్రాయవలసినవాడు ఒక్కసారైనా మీ తరగతి వెనుక నిలబడి పాఠము విన్నవాడై ఉండవలెను. తాను చూసినది ఒక్క పేరాలో చెప్తే చాలును. ఇప్పుడు చాలా చోట్ల లెటరు వ్రాసేవారికే నేరుగా ఈమెయిలు వెళ్తుంది. మనము టైపు చేసి ఇచ్చే పద్ధతి అక్కడ కుదరదు, కుదరకూడదు కూడా. కనుక రెండు నెలల ముందే వారి దగ్గరకు వెళ్ళి, ప్రకటన కాపీ ఇచ్చి, "సార్, మీకు వీలుంటుందా?" అని అడగండి. తీరిక లేదంటే సంతోషముగా ఇంకొకరి దగ్గరకు వెళ్ళండి.

అయ్యగారి లెటరు పెట్టవచ్చునా అని ప్రతివారూ అడుగుతారు. వేదిక మీద అయ్యగార్లు ఉన్నారు, క్షమించవలెను. అయ్యగారు మిమ్ములను బాప్తిస్మము నాటి నుండి ఎరుగుదురు, నిజమే. కాని మీరు పాఠము చెప్పగా ఆయన చూసినారా? వేసవి బైబిలు పాఠశాలలో ఆయనతో కలిసి పని చేసి ఉంటే, ఆ పనిని గురించి వ్రాయమనండి. లేకపోతే ఆయన దీవెన తీసుకొని, లెటరు మీ హెడ్మాస్టరుగారి దగ్గర తీసుకోండి.

కాగితముల దగ్గర మనవారికి ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉన్నది. బాప్తిస్మపు రిజిస్టరులో ఒక పేరు, పదవ తరగతి సర్టిఫికెట్టులో ఒక పేరు, ఆధార్ కార్డులో ఇంకొక పేరు. ఇంటిపేరు ఒకచోట ఒక్క అక్షరము, ఇంకొకచోట పూర్తిగా. పాస్‌పోర్టులో మరొక విధముగా. ఒక అబ్బాయికి సర్టిఫికెట్లలో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్టులో వెనుక ఉండటముతో, ఇద్దరూ ఒక్కరే అని నిరూపించుటకు నెలన్నర పట్టినది. ఈలోగా గడువు దాటిపోయినది. అన్నిటినీ పదవ తరగతి సర్టిఫికెట్టుతో సరిపోల్చుకొని ఇప్పుడే సరిచేయించుకోండి. ఫెలోషిప్పు రాకపోయినా అది పనికివచ్చే పనే.

కుల సర్టిఫికెట్టు సంగతి ఎత్తకుండా దాటిపోవచ్చును గాని, గదిలో ఎక్కువగా వచ్చే ప్రశ్న అదే. కేంద్ర ప్రభుత్వపు నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్పులో ఎక్కువ భాగము షెడ్యూల్డు కులముల వారికి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము క్రైస్తవులకు ఆ హోదా లేదు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చినారు గాని మనకు రాలేదు. మన రాష్ట్రములలో షెడ్యూల్డు కులముల నుండి వచ్చిన క్రైస్తవులు బి.సి.-సి. ఇది న్యాయమా అన్నది వేరే సభలో మాట్లాడవలసిన సంగతి, మాకూ గట్టి అభిప్రాయమే ఉన్నది. కాని గుడిలో ఒక పేరు, ఆఫీసులో ఒక సర్టిఫికెట్టు పెట్టుకొని దరఖాస్తు పెట్టమని మేము ఎవరికీ సలహా ఇవ్వము. మధ్యలో అది బయటపడితే పరాయి దేశములో చదువు సగములో ఆగి నిలబడేది ఆ పిల్లవాడే. తెలంగాణలోని వారికి అల్పసంఖ్యాక వర్గముల కొరకు 2015లో పెట్టిన ముఖ్యమంత్రి ఓవర్సీస్ స్కాలర్‌షిప్పు ఉన్నది. క్రైస్తవులు కూడా అర్హులే. 20 లక్షల రూపాయల వరకు ఇచ్చే పథకము అది. ఆదాయపు హద్దు ఉన్నది కనుక ఆదాయ ధ్రువపత్రము ముందుగా తీసుకోండి.

బ్రిటన్ వైపు చూసేవారికి 1983లో మొదలైన చెవెనింగ్ ఉన్నది. ఒక సంవత్సరము ఎం.ఏ. లేక ఎం.ఎస్‌సి., అంతకు ముందు రెండు సంవత్సరముల పని అనుభవము, ఆ తరువాత రెండు సంవత్సరములు స్వదేశములో ఉండుట. 1959లో ఆక్స్‌ఫర్డ్ సమావేశములో రూపుకట్టిన కామన్‌వెల్త్ స్కాలర్‌షిప్పులు ఉన్నవి. వీటికి మా దగ్గర నుండి వెళ్ళిన అప్లికేషన్లు తక్కువ కనుక ఎక్కువ చెప్పము.

ఒక హెచ్చరిక. ఇవన్నీ ప్రభుత్వముల చేతిలోనివి. 2025 జూన్‌లో అమెరికాలో ఫుల్‌బ్రైట్ ఎంపికలను పర్యవేక్షించే బోర్డు సభ్యులు దాదాపు అందరూ రాజీనామా చేసినారు, ఎంపికైనవారి విషయములో ప్రభుత్వము జోక్యము చేసుకొన్నదని చెప్తూ. అంటే అన్ని విధముల అర్హత ఉండి కూడా మీ చేతిలో లేని కారణముచేత రాకపోవచ్చును. కనుక ఉన్న ఉద్యోగము మానివేసి ఫలితము కొరకు ఎదురుచూడకండి. అట్లా మానివేసిన ఒకరి కుటుంబము ఏడాది పాటు పడిన ఇబ్బంది మేము చూసినాము.

ఆ అమ్మాయి మరుసటి సంవత్సరము మళ్ళీ పెట్టినది. ఈసారి మా ఎర్ర పెన్ను బల్ల సొరుగులోనే ఉన్నది. స్పెల్లింగులు మాత్రము చూసినాము. వల, దీపము, అరుపులు అన్నీ వెళ్ళినవి. ఇంటర్వ్యూ బాగా జరిగినదన్నది. ఫలితములలో రిజర్వు జాబితాలో పేరు వచ్చినది. పైవారు ఎవరైనా మానుకొంటే పిలుస్తారు. జూలై దాకా ఆమె ఫోను చేతిలోనుండి దించలేదు. పిలుపు రాలేదు. ఆ తరువాత వయసు హద్దు దాటినది. మొదటి సంవత్సరమే తన మాట తాను చెప్పి ఉంటే వచ్చి ఉండేదా? చెప్పలేము. ఆమె మమ్ములను ఎన్నడూ ఆ ప్రశ్న అడగలేదు. మేము నలుగురమూ మాత్రము, ఆమె గదిలో లేనప్పుడు, చాలాసార్లు అడుగుకొన్నాము.

తరువాత డి.ఎస్‌సి.లో ఆమెకు ప్రభుత్వ హైస్కూలులో ఉద్యోగము వచ్చినది. హైస్కూలు ఉపాధ్యాయులకు ఆరు వారముల ఫుల్‌బ్రైట్ కార్యక్రమము వేరే ఉన్నది. దాని ప్రకటన కాగితము ఆమె సంచిలో పెట్టుకొని తిరుగుతున్నది. ఇప్పుడు శనివారములు మా బల్ల దగ్గర ఐదవ కుర్చీ ఆమెది. ఎవరైనా పిల్లలు కాగితములు తెస్తే మేము కళ్ళజోడు తీసేలోగా ఆమె వాటిని తీసుకొని బోర్లా పెట్టేస్తుంది. "అది తరువాత చూద్దాం. ముందు తెలుగులో చెప్పు, ఆ రోజు ఏం జరిగింది?" అంటుంది.

గది మధ్యాహ్నము మూడు గంటలకు తెరుస్తాము. గడువుకు రెండు నెలల ముందు రండి. పదవ తరగతి సర్టిఫికెట్టు, పాస్‌పోర్టు, మీరు స్వయముగా వ్రాసిన ఒక్క పేజీ తెచ్చుకోండి. వ్రాత ఎంత గజిబిజిగా ఉన్నా ఫరవాలేదు.